గోడ మీదుగా వచ్చిన మంచం

మనవలకు నేను చెప్పే కథల్లో వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేది ఎగిరే మంచం కథ. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. గాలి కూడా ఒక మూల ముడుచుకొని పడుకున్న వేళ. ఒక ఎర్రరాతి ఇంట్లో గోడ పైనుంచి ఒక మంచం తేలుతూ వస్తుంది. దాని మీద ఒక ఆడమనిషి పడుకొని ఉంటుంది. ఆమె చెయ్యి మంచం పట్టె మీద నుంచి కిందికి వేలాడుతుంటుంది. చేతికి ఆకుపచ్చ గాజులు. మంచం ఏ చప్పుడూ చేయదు. గాజులు మాత్రం గోడకు తగిలి సన్నగా మోగుతాయి.

అసలు కథ అంతే. తర్వాత ఏమైందని పిల్లలు అడిగితే ఒకనాడు ఆ మంచాన్ని మబ్బు మీద దించేదాన్ని, ఇంకోనాడు కోట బురుజు చుట్టూ తిప్పుకొచ్చేదాన్ని. నాకు తెలిస్తే కదా చెప్పడానికి. అది నేను బాగా చిన్నప్పుడు కన్న కల అనుకునేదాన్ని. కలకు వెనకా ముందూ ఉండదు కాబట్టి నా ఇష్టమొచ్చినట్టు అతికించేదాన్ని.

ఆ మంచం సంగతి మళ్ళీ వస్తుంది. ముందు క్యాంటీన్ అక్క సంగతి చెప్పాలి.

మేముండేది బీదరులో చిద్రి వైపు. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి. కొందరు జహీరాబాద్, సంగారెడ్డి వైపు నుంచి నౌకరీల కోసం ఈ మధ్య వచ్చినవాళ్ళు. మాలాంటివాళ్ళు తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్నవాళ్ళు. మేము ప్రార్థన తెలుగులో చేస్తాం, ఆఫీసులో కన్నడం మాట్లాడతాం, కూరగాయల దగ్గర బేరం ఉర్దూలో ఆడతాం. నేను బడికి వెళ్ళింది నాలుగో తరగతి వరకే, అదీ కన్నడ బడి. తెలుగు అక్షరాలు అమ్మ పాటల పుస్తకంలో వేలు పెట్టి చూపించి నేర్పింది.

క్యాంటీన్ అక్క మా వెనక వీధిలో ఒక గదిలో కిరాయికి ఉండేది. కొల్హార్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి చేసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. షిఫ్టుకు ఆటోల్లో వచ్చే కుర్ర పనివాళ్ళకు వేడివేడిగా పెట్టాలని పొయ్యి ముందు నిలబడే బతుకంతా గడిపింది. మొగుడు పోయి చాలా ఏళ్ళు, పిల్లలు లేరు. పని మానేశాక కూడా ఆ పేరే మిగిలింది. గది తాళంచెవి ఎప్పుడూ కొంగున ముడేసుకొని ఉండేది. ఆమె నడిచి వస్తుంటే ఆ తాళంచెవి గడపకో తలుపుకో తగిలి ముందుగా కబురు చెప్పేది.

ఒక వానాకాలం మా వీధిలో ఒక డ్రైవరు జబ్బుతో దవాఖానాలో పోయాడు. ఇంకా నడివయసు కూడా రాలేదు. వాళ్ళదీ కిరాయి ఇల్లే. ఇంటాయన చేతులు జోడించి, శవాన్ని మాత్రం లోపలికి తేవద్దన్నాడు. ఆయనొక్కడే కాదు, ఊళ్ళో ఇల్లు కిరాయికిచ్చే అందరికీ ఉన్న భయమే అది. చావు జరిగిన ఇల్లంటే మళ్ళీ ఎవరూ దిగరని. అందుకని రోడ్డు మీదే షామియానా వేశారు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే అవతల ఆటో హారన్ కొట్టింది. దానికి దారివ్వడానికి షామియానా తాడు విప్పి, మనిషిని మంచంతో సహా పక్కకు జరిపారు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. గుడ్డ చిల్లులోంచి నీళ్ళు ఆయన నుదుటి మీద పడుతుంటే క్యాంటీన్ అక్క పోయి గొడుగు పట్టింది. అక్కడి నుంచి కదిలించేదాకా పట్టుకొనే నిలబడింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కొని మా గడప మీద కూర్చుంది. టీ ఇచ్చాను. తాగలేదు.

"సూడు చెల్లె," అంది. "నేను పోతే నన్ను సడక్ మీద పెట్టకుండ్రి. ఏదన్న ఒక కప్పు కింద పెట్టుండ్రి. ఒక్క దినం చాలు."

"ఇప్పుడేం పోతున్నవక్కా."

"బస్సా ఏంది, నాకు టైం చెప్పి వచ్చేతందుకు?"

నవ్వుతూనే అంది. కానీ అప్పటికే డాక్టరు ఆమె గుండె సంగతి నాకు చెప్పి ఉన్నాడు. ఆమెకూ చెప్పాడు. మేమిద్దరం ఒకరితో ఒకరం అనుకోలేదు, అంతే.

మా మరిది మా క్రైస్తవ సంఘానికి పెద్ద. ఆదివారం ప్రార్థన ఒక బడి గదిలో జరిగేది. పెళ్ళయినా చావైనా ఎవరి కాళ్ళో పట్టుకోవాలి. సంఘానికి సొంతంగా ఒక చోటుండాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నారు. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు కొంచెం ముందు ఒక సాయంత్రం మరిది వచ్చి, "వదినా, పాత ఊర్లున్న జనానా దవాఖాన యాదికుందా నీకు?" అన్నాడు.

యాదికి లేకపోవడమేమిటి, నేను పుట్టిందే అక్కడ. పాత ఊరి నడిమధ్య ఉన్న చౌబారా బురుజు నుంచి లోపలికి పోయే ఒక గల్లీలో ఉండేది. ఒక పెద్ద ముస్లిం కుటుంబంలో ఒకామె ఆడవాళ్ళ కాన్పుల కోసం కట్టించింది. మా అమ్మ అక్కడ ఆయాగా చేసేది. పెద్ద దవాఖానాలు వచ్చాక అది మూతపడింది. ఆమె మనవడు ఇప్పుడు అత్తరు దుకాణం నడుపుతున్నాడు. మేమంతా చాచా అంటాం. ఆయన ఆ ఇంటిని ఊరికి పనికొచ్చే దానికే కిరాయికి ఇస్తానంటున్నాడని మరిది చెప్పాడు.

"పోయి సూద్దాం. పనికొస్తదా రాదా, అందరం కలిసి సూసి తేల్చుదాం. ఇంజనీరు బాబును గూడ తీస్కపోదాం. నువ్వు ఆడోళ్ళను తోలుకరా."

క్యాంటీన్ అక్కకు చెబితే అప్పటికప్పుడే చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టింది. పోయేది రేపక్కా అంటే, "తెలుసు. చెప్పులు ఉన్నయో లేవో సూసుకుంటున్న," అంది.

మర్నాడు శనివారం, పొద్దున వెళ్ళాం. రాత్రి చలి ఇంకా పూర్తిగా పోలేదు, ఎండ పలచగా పాలలా ఉంది. చాచా ముందే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. గల్లీలో నుంచి చూస్తే ముందుగా కనిపించేది కమాను. అంత చిన్న ఇంటికి అంత ఎత్తు కమాను ఎందుకో ఎవరికీ అర్థం కాదు. కింద నిలబడి తలెత్తితే పావురాల గూళ్ళు. తలుపు తీసి రెండడుగులు వేశామో లేదో ఎదురుగా గోడ. గల్లీలో పోయేవాళ్ళకు లోపలి ఆడవాళ్ళు కనబడకుండా కట్టిన పర్దా గోడ అది. పొడుగాటి మగమనిషి తలకు కొంచెం మించి ఉంటుంది. పైన కప్పు లేదు, ఆకాశమే. ఆ గోడ పక్కగా సన్నటి సందులో ఒకసారి ఇటు తిరిగి, ఇంకోసారి అటు తిరిగితేనే లోపలి వాకిలి.

రెండో మలుపు తిరిగేసరికి నాకు ఊరి చప్పుడు ఆగిపోయింది. బండ్లు, మైకులు, చింతపండు అమ్మేవాడి కేక, అన్నీ గోడకు అవతలే ఉండిపోయాయి. చిన్నప్పుడు కూడా ఇంతే. అమ్మ చెయ్యి పట్టుకొని ఆ మలుపు తిరిగితే చెవుల్లో నీళ్ళు పోయినట్టుండేది.

వాకిలి చుట్టూ వరండా, వరండా చుట్టూ గదులు. ఎర్ర జంబిట్టి రాయి మీద సున్నం. గదుల పైన చిన్న చిన్న నీలం అద్దాలు. వాటిలోంచి పడే వెలుగు నేల మీద నీలం మరకలై ఉండేది. నేను చిన్నప్పుడు ఆ మరకల మీద మాత్రమే కాలు పెడుతూ వరండా అంతా నడిచేదాన్ని. మరకలు మధ్యాహ్నానికి గోడ ఎక్కేవి, సాయంత్రానికి ఎటో పోయేవి. ఆ రోజు చూస్తే కొన్ని అద్దాలు పగిలాయి, కొన్ని ఉన్నాయి. ఉన్నవాటి కింద మరకలు అవే. పెద్దదాన్ని, చీర కట్టుకున్నదాన్ని, అయినా కాలు దానంతటదే ఒక నీలం మరక మీదికి పోయింది. ఎవరూ చూడలేదు.

ఫినాయిల్ వాసన లేదు. అయినా నాకు వచ్చింది. అమ్మ దుప్పట్లు పిండి వాకిట్లో తాళ్ళ మీద ఆరేసేది. వాటి మధ్య నుంచి పోతుంటే చల్లగా ముఖానికి తగిలేవి. ఏ దుప్పటి వెనక అమ్మ ఉందో తెలిసేది కాదు. పాదాలు చూసి కనిపెట్టేదాన్ని.

"వదినా, నిద్రపోతున్నవా, నడుస్తున్నవా?" అని మరిది పిలిస్తే ఈ లోకంలోకి వచ్చాను.

ఇంజనీరు బాబు సంగారెడ్డి వైపు పిల్లవాడు. బీదరుకు నౌకరీ మీద వచ్చి మా పక్కింట్లోనే కిరాయికి ఉంటాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. గోడలను వేళ్ళతో తడుతూ, చెవి పెట్టి వింటూ, చెమ్మ ఉన్నచోట అరచెయ్యి ఆనిస్తూ గది గదికీ తిరిగాడు. "గోడలు మస్తుగున్నయి. ఎనక మూల అర్రది కప్పు మాత్రం మంచిగ లేదు. బాగుచేసేదాంక దానికి తాళమేసి పెట్టుండ్రి," అన్నాడు. పర్దా గోడకు లోపలి వైపున, మోకాలెత్తున, పొడుగునా ఒక రాతి తిన్నె ఉంది. "ఇదెందుకుందో తెల్వదు. వాకిట్ల జాగ తింటాంది. తీసేస్తే ఇంకొక బంతి కూసుంటది," అన్నాడు.

మా ఆడవాళ్ళ చూడటం వేరు. పెద్ద గదిలో చాపలు పరిచి, ఎదురెదురుగా బంతి భోజనానికి కూర్చున్నట్టు కూర్చున్నాం. మధ్యలో వడ్డించేవాళ్ళు నడవాలి కదా అని ఒకామె ఖాళీ గంటె పట్టుకొని అందరికీ ఉత్త గాలి వడ్డించుకుంటూ పోయింది. క్యాంటీన్ అక్క, "నాకు ముక్కలు తక్కువేసినవ్," అని విస్తరి లేని నేలను చూపించింది. కుట్టు నేర్చుకునే పిల్లలకు ఏ గది, ట్యూషన్ పిల్లలకు ఏ గది, పెళ్ళికూతురు చీర కట్టుకోవడానికి ఏ గది, అన్నీ అక్కడే పంచేసుకున్నాం. అక్క వంటగదిలో నిలబడి, "పొయ్యి ఈడ. పొగ ఆ కిటికిలకెళ్ళి పోతది. నాకు మాత్రం ఒక స్టూల్ కావాలె, ఇగ నిలబడ," అని తీర్పు చెప్పింది.

అందరి ముఖాలూ వెలిగాయి. మరిది చాచా వైపు తిరిగి ఏదో అనబోతున్నాడు. అప్పుడు అక్క వాకిట్లోకి వచ్చి పర్దా గోడ వైపు చూస్తూ అడిగింది.

"పెట్టె ఎట్ల వస్తది తమ్మీ?"

మాలో చనిపోయినవాళ్ళను పెట్టెలో పెట్టి తీసుకుపోతాం. మనిషంత పొడుగు పెట్టె. ఇంజనీరు బాబు టేపు తీసి తలుపుకూ గోడకూ మధ్య కొలిచాడు, సందు కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తల అడ్డంగా ఊపాడు. "తిరగదు పెద్దమ్మా. పెట్టే తిరగదు, మంచమూ తిరగదు."

వేరే దారి లేదు. వెనక, పక్కలా ఇళ్ళు అతుక్కొని ఉన్నాయి. "గోడ తీసేద్దాం, ఒక్క దినం పని," అన్నాడు మరిది.

చాచా అప్పటిదాకా ఒక మూల కూర్చొని తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు. తల ఎత్తాడు. "అన్నా, ఇంట్ల మీకు ఏది కావాల్నంటే అది చేసుకోండి. రంగులేసుకోండి, తలుపులు మార్చుకోండి. ఈ గోడ ఒక్కటి ముట్టకండి. మా దాదీమా నిలబడి కట్టించింది. ఇది ఆడవాళ్ళ గోడ అనేది. పోయేటప్పుడు గూడ దీని గురించే చెప్పింది." గొంతు పెంచలేదు. కానీ అది మారని మాటని అందరికీ తెలిసింది.

"నిలువుగ పట్టుకొని తిప్పితే?" అన్నాడు ఒకాయన వెనక నుంచి.

అక్క ఆయన వైపు తిరిగింది. "బతికున్నన్ని దినాలు పొయ్యి ముంగట నిలబడ్డ. సచ్చినంక గూడ నిలబెడ్తరా నన్ను?"

నవ్వు రావలసిన మాట. ఎవరికీ రాలేదు. అక్కే కొంగు సర్దుకొని, "ఇల్లు మంచిగున్నది. నా ఒక్కదాని కోసం ఇడిసిపెట్టకుండ్రి. పెండ్లిండ్లు చేసుకుండ్రి, పిల్లలకు సదువు చెప్పుండ్రి. తీసుకోండ్రి తమ్మీ," అంది. వరండా మెట్టు మీద కూర్చొని, కొంగున ఉన్న తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పుకుంటూ ఉండిపోయింది.

మరిది తల పట్టుకున్నాడు. ఆ కప్పు మాట మా గడప మీద అన్నదే అయినా సంఘంలో అందరికీ తెలుసు. ఈ ఇల్లు వద్దంటే పెళ్ళిళ్ళకు చోటు లేదు. కావాలంటే చావుకు చోటు లేదు. తిండి తిన్నాక ఏదో ఒకటి తేల్చుదామన్నాడు. తెచ్చుకున్న పులిహోర విప్పారు. నాకు సహించలేదు. తల బరువుగా ఉందని వరండాలో ఒక స్తంభం పక్కన చాప మీద ఒరిగాను.

అది అమ్మ డ్యూటీలో ఉన్నప్పుడు నన్ను పడుకోబెట్టే స్తంభమే. నేనేమీ వెతుక్కొని పోలేదు, ఒళ్ళే పోయింది. కింద నుంచి చూస్తే ప్రపంచం వేరుగా ఉంటుంది. మనుషులు పాదాలవుతారు. పర్దా గోడ నిలబడి చూసినప్పటి కన్నా ఎత్తుగా, ఆకాశానికి ఆనుకొని ఉన్నట్టు కనిపించింది. గోడ పైఅంచు గుండ్రంగా, నున్నగా, ఎండలో నూనె రాసినట్టు మెరుస్తోంది. కోటలో పిల్లలు జారే రాళ్ళు కూడా అలాగే మెరుస్తాయి. చాలామంది చేతులో ఒళ్ళో రాసుకుంటే తప్ప రాయి అలా కాదు.

కళ్ళు సగం మూతపడ్డాయి. నిద్ర అని చెప్పలేను, మెలకువ అని చెప్పలేను. అదే మధ్యాహ్నం. అదే గోడ. దాని పైనుంచి మంచం వచ్చింది. ముందు మంచం కోళ్ళు, తర్వాత పట్టె, తర్వాత వేలాడుతున్న చెయ్యి. ఆకుపచ్చ గాజులు గోడకు తగిలి మోగాయి. ఇన్నేళ్ళూ కథ అక్కడితో ఆగేది. ఆ రోజు మాత్రం నేను ఇంకొంచెం కిందికి చూశాను. మంచం కింద చేతులున్నాయి. పైకెత్తిన చేతులు, చాలా. తిన్నె మీద వరసగా ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, చీరలు మోకాళ్ళ దాకా దోపుకొని. వాళ్ళ మధ్యలో తడి అరచేతులు, సబ్బుతో పగిలిన వేళ్ళు. మా అమ్మ చేతులు.

లేచి కూర్చున్నాను. కల కాదది. కాన్పు నొప్పులతో కదలలేని ఆడవాళ్ళను అన్నదమ్ములో మొగుళ్ళో మంచం మీద మోసుకొచ్చేవాళ్ళు. గోడ దాటి మగవాళ్ళు రాకూడదు. మంచం సందులో తిరగదు. అందుకని వాళ్ళు కమాను కింద చేతులెత్తి మంచాన్ని గోడ మీద పెడితే, ఇవతల తిన్నె మీద నిలబడ్డ ఆయాలు అందుకొని దించేవాళ్ళు. నాలుగైదేళ్ళ పిల్లను, నిద్రమత్తులో చూసినదాన్ని, మంచం ఎగిరిందనుకున్నాను.

"అక్కా," అన్నాను. "పెట్టె తిరిగే పని లేదు. గోడ మీదికెళ్ళి వస్తది."

చెప్పాను. చెబుతుంటే మరిది ముఖంలో జాలి లాంటిది కనిపించింది. "అది నీ మనుమండ్లకు చెప్పే కత కాదా వదినా?"

"అదే కత. ఇన్నొద్దులు చేతులు ఇడిసిపెట్టి చెప్పిన."

ఇంజనీరు బాబు వెళ్ళి తిన్నె ఎక్కి నిలబడ్డాడు. గోడ పైఅంచు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు నడిపాడు. తర్వాత దిగి కమాను వైపు తలెత్తి చూశాడు. "అందుకే గింత ఎత్తు," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "అయితది గావచ్చు. కానీ ఒకసారి పెట్టి సూడాలె."

గల్లీ చివర ఉన్న సైకిల్ దుకాణం నుంచి ఒక నవారు మంచం అడిగి తెచ్చారు. దాని మీద బియ్యం బస్తా పెడదామన్నారు ఒకరు.

"బియ్యపు బస్తా నోరిప్పి చెప్తదా, ఊగిందో లేదో?" అంటూ అక్క లేచింది. "నేనెక్కుత."

"అక్కా, వద్దు, నీ పానం మంచిగ లేదు," అన్నాను.

"పానం మంచిగున్నోళ్ళ కోసమా ఇది?" అని గల్లీలోకి నడిచింది. మంచం మీద వెల్లకిలా పడుకొని, చీర కాళ్ళ మీదికి లాక్కొని, "ఊఁ," అంది.

మగవాళ్ళు గల్లీ వైపు ఉండిపోయారు. ఇవతల మేము ఆడవాళ్ళం తిన్నె ఎక్కి వరసగా నిలబడ్డాం. ఎవరూ చెప్పలేదు అలా విడిపొమ్మని. మాకు అవతల ఏం జరుగుతోందో కనిపించదు. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. మెల్లగ. ఆ పక్క ఇంకొంచెం. పావురాలు ఒక్కసారి లేచాయి. గోడ అంచు మీద మంచం కోళ్ళు కనిపించాయి, తర్వాత నెరిసిన జుట్టు, తర్వాత నుదురు. ఎన్నో చేతులు రాసుకుని నున్నబడిన ఆ అంచు మీద మంచం పట్టె పడవలా జారి వచ్చింది. మేము చేతులెత్తాం. బరువు మా అరచేతుల్లోకి దిగింది. మెత్తగా దిగింది, ఎవరో నీళ్ళలోంచి అందించినట్టు.

అక్క చేతికి గాజుల్లేవు. కొంగు చివర మాత్రం కిందికి జారి, దానికి ముడేసి ఉన్న తాళంచెవి గోడకు తగిలింది. సన్నగా మోగింది. నా ఒళ్ళంతా ఒక్క క్షణం ఆ స్తంభం దగ్గరి చిన్నపిల్లదైపోయింది.

"జర ఆపుండ్రి," అంది అక్క పైనుంచి.

భయపడ్డాం. "ఏమైందక్కా? ఊగుతాందా?"

"లేదు. ఆకాశం సూస్తున్న. ఆగుండ్రి."

ఆగాం. సగం మంచం అవతల మగవాళ్ళ దగ్గర, సగం మా దగ్గర. మధ్యలో గోడ మీద అక్క, కళ్ళు తెరుచుకొని. పావురాలు ఒక చుట్టు తిరిగి మళ్ళీ కమానుకు వచ్చాయి. ఎంతసేపో తెలియదు. ఎవరూ తొందరపెట్టలేదు.

"ఇగ దించుండ్రి," అంది.

దించాక లేచి కూర్చొని, చెదిరిన జుట్టు వెనక్కి తోసుకుంది. "మంచిగున్నది. నేనైతే ఈ దవాఖానకు ఎన్నడు రాలే. నాకెన్నడు ఆ పని పడలే. గిట్ల తెస్తుండ్రా ఆడోళ్ళను?" అని గోడ వైపు చూసింది. పిల్లలు లేని మనిషి ఆ మాట ఎలా అందో, ఆమె ముఖం ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు.

చాచా తస్బీ జేబులో పెట్టుకున్నాడు. "ఆడవాళ్ళ గోడ అంటే ఏందని నేను దాదీమాను ఎప్పుడూ అడగలేదమ్మా," అన్నాడు నాతో. కొంచెంసేపు గోడను తాకుతూ నిలబడి, మరిది చేతిలో తాళాలు పెట్టాడు.

ఇంజనీరు బాబు పోతూ పోతూ, "తిన్నె మాత్రం తీయకుండ్రి అమ్మా," అని నవ్వాడు.

ఆ తర్వాత రోజులు బాగా గడిచాయి. ఆ ఇంట్లో పెళ్ళిళ్ళయ్యాయి. కుట్టు మిషన్లు వచ్చాయి. కన్నడ పాఠాలు చదివే పిల్లల గొంతులు వరండాలో తిరిగాయి. పాత ఊరి ముసలమ్మలు బురఖాలు సర్దుకుంటూ లోపలికి తొంగిచూసి, తాము కన్న గది ఏదో మనవరాళ్ళకు చూపించి పోయేవాళ్ళు. అక్కకు స్టూల్ దొరికింది. దాని మీద కూర్చొని వంటవాళ్ళను తిట్టడమే పనిగా పెట్టుకుంది.

రెండో వానాకాలంలో ఒక తెల్లవారుజామున ఆమె గుండె ఆగిపోయింది. దవాఖానా నుంచి మరిది ఫోన్ చేసేసరికి మేము ఆ ఇంటికి బయల్దేరి చౌబారా దాటి ఉన్నాం. అక్క గది ఇంటాయన కూడా దవాఖానాకు వచ్చాడట. చేతులు నలుపుకుంటూ, "అన్నా, మా ఇంటికి మాత్రం..." అని మొదలుపెట్టాడట. "వద్దన్నా. మాకు ఇల్లున్నది," అన్నాడట మరిది.

ముసురు పట్టి ఉంది. మేము తిన్నె మీద తడుస్తూ నిలబడ్డాం. అవతల నుంచి అదే మెల్లగ, అదే ఆ పక్క ఇంకొంచెం. దవాఖానా నుంచి మంచం మీదే తెచ్చారు ఆమెను. గోడ అంచు తడిసి ఇంకా నున్నగా ఉంది. బరువు మా చేతుల్లోకి వచ్చింది. పెద్ద గదిలో, బంతి భోజనాలు పెట్టే చోట, నీలం అద్దాల కింద పడుకోబెట్టాం. వాన వాకిట్లో పడుతోంది, ఆమె మీద పడలేదు. ఒక్క చుక్క పడలేదు. పాటల పుస్తకాలు తెరిచాం. మబ్బు పట్టిన వెలుగులో నీలం మరక లేత బూడిద రంగైంది. అయినా మెల్లగా నేల మీద జరుగుతూనే ఉంది.

ముఖం తుడుస్తుంటే కొంగున తాళంచెవి చేతికి తగిలింది. ముడి విప్పాను. ఇంటాయనకు ఇవ్వాలి కదా అని బయటికి పోతే, ఆయన కమాను కింద, సగం వానలో సగం కప్పు కింద నిలబడి ఉన్నాడు. లోపలికి రావడానికి ముఖం చెల్లడం లేదు.

"ఈడెందుకు నిలబడ్డవన్నా, లోపలికి రా. కప్పు కిందికి రా," అన్నాను.

వచ్చాడు. తల నుంచి నీళ్ళు కారుతుంటే అక్క కాళ్ళ దగ్గర చాప మీద కూర్చున్నాడు. ఒకరు ఆయనకు టవల్ ఇచ్చారు.

సాయంత్రం, గోడ మీదుగానే లోపలికి వచ్చిన పెట్టెలో ఆమెను పెట్టి మూసి, మళ్ళీ తిన్నె ఎక్కాం. వచ్చేటప్పుడు మేము అందుకున్నాం. పోయేటప్పుడు మేము అందించాలి. గోడ మీదికి పెట్టి, ముందుకు తోశాం. పెట్టె సగందాకా పోయి గోడ మీద ఆగింది. నేను చెప్పకుండానే అందరం ఆగాం. ఆకాశం చూసుకోవడానికి ఆమెకు కొంచెంసేపు ఇచ్చాం, మబ్బే అయినా.

తర్వాత అవతల చేతులు అందుకున్నాయి. ఎవరి చేతులో గోడకు ఇవతలున్న నాకు కనిపించలేదు. నా అరచేతుల మీది బరువు మాత్రం కొంచెం కొంచెంగా తగ్గుతూ పోయింది, చివరికి తడి ఒక్కటే మిగిలింది.